అరగని మూడు టైర్లు

త్వరిత తనిఖీ సంస్థ ఒంగోలు ప్రాంతీయ కార్యాలయంలో ఫైళ్ళు నత్తనడక నడుస్తున్నాయని పైవాళ్ళకు అనుమానం వచ్చింది. కారణం కనుక్కోమని ఓ కమిటీ వేశారు. కమిటీ వాళ్ళు వచ్చి, ఫైళ్ళ జోలికి పోకుండా, ఆఫీసు ముందున్న పాత తెల్ల కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, అధికారి ఎక్కే బండే ఇంత మెల్లగా పోతుంటే ఆయన చేతి కింది ఫైలు ఎలా పరిగెడుతుందని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు లేకపోవడాన్ని అంగీకారం కింద రాసుకుని, భోజనం చేసి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు ఆఫీసు ముందు పాత కారు పోయి, నీలం రంగు సెడాన్ వచ్చి నిలబడింది.

మామూలు సెడాన్ కాదు లెండి. టర్బో ఇంజను, నాలుగు చక్రాలకూ ఒకేసారి బలం అందించే యంత్రాంగం. ఘాట్ రోడ్ల మీద పందేలకు పోయే జాతి. దాని శక్తి ఎంతో కంపెనీవాళ్ళు పుస్తకంలో గొప్పగా రాసుకున్నారు గానీ, ట్రంకు రోడ్డు మీద ఆటోల వెనక నిలబడ్డప్పుడు ఆ శక్తితో పని పడేది కాదు. అయినా రీజినల్ డైరెక్టరు కోదండపాణి గారు ఎక్కిన ప్రతిసారీ బెల్టు బిగించుకుని, కళ్ళు మూసుకుని, "మస్తాన్, బండిని కంట్రోల్లో ఉంచు" అనేవారు. అప్పటికి బండి ఆఫీసు గేటు కూడా దాటి ఉండేది కాదు.

హైవే మీద గట్టిగా తోలి వచ్చాక ఇంజన్ను ఠక్కున ఆపేయకూడదని, కాసేపు ఊరికే తిరగనిస్తే టర్బో చల్లబడుతుందని డ్రైవరు మస్తాన్‌వలి విన్నవించుకున్నాడు. నిలబడి ఉన్న వాహనంలో ఇంజను నడవరాదని సంస్థ నియమం. డైరెక్టరు గారు ఆలోచించి ఆ కాసేపూ బండిలోనే కూర్చుని ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టడం మొదలుపెట్టారు. లోపల అధికారి పనిచేస్తుంటే బండి నిలబడి ఉన్నట్టు కాదట. ఆ విధంగా టర్బో చల్లబడిన ప్రతిసారీ ఆఫీసులో ఓ కొత్త ఉత్తర్వు పుట్టేది.

ఈ బండి మంచిచెడ్డలన్నీ చూడాల్సింది వాహనాల సెక్షను సూపరింటెండెంటు బోను గౌరినాయుడు. పార్వతీపురం మనిషి. భార్య హైమావతి అక్కడే హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఉద్యోగం రాష్ట్రానికి ఓ మూల, ఆవిడ ఉద్యోగం మరో మూల. కూతురు తండ్రిని ఎదురుగా చూసింది తక్కువ, ఫోనులో చూసింది ఎక్కువ. బదిలీ కోసం గౌరినాయుడు ఎక్కని మెట్లు లేవు, పట్టుకోని కాళ్ళు లేవు. ఆఖరికి ఎవరి మనసు కరిగిందో గానీ, పార్వతీపురం శాఖకు బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆయన ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని ఆఫీసంతా మైసూర్‌పాకులు పంచాడు.

"అలమారలో ఒక అర ఖాళీ చేసీసినాను, మీ చొక్కాలకి" అంది హైమావతి ఫోనులో. "పాప రోజూ తుడిచేస్తంది దాన్ని. దుమ్ము పడిపోద్దంట."

ఆ సాయంత్రమే టైరు పోయింది. కొత్తపట్నం రోడ్డులో ఎవరో కాలువ తవ్వి రాళ్ళు అంచునే వదిలేశారు. డైరెక్టరు గారు ఎడంపక్క నుంచి పొమ్మన్నారు, మస్తాన్‌వలి పోయాడు, ముందు టైరు పక్క గోడ నిలువునా చీలిపోయింది.

"పోతే పోయింది. ఒకటి కొనేద్దాం" అన్నాడు గౌరినాయుడు. మైసూర్‌పాకు తీపి ఇంకా నాలిక మీదే ఉంది.

మస్తాన్‌వలి తల గోక్కున్నాడు. "ఒకటి కుదరదంట సార్. కంపెనీ షెడ్డులో ఫోన్ చేసి కనుక్కున్నా. ఈ బండికి నాలుగు చక్రాలూ లోపల ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటయ్యి. పాతయి అరిగి కాస్త చిన్నగయినయ్యి. కొత్తది పెద్దగా ఉంటది. చిన్నయి ఎక్కువ చుట్లు తిరగతయ్యి, పెద్దది తక్కువ తిరగతది. ఆ తేడా అంతా మధ్యలో ఉండే గేర్ల మీద పడి, అయి వేడెక్కి పోతయ్యంట. డిక్కీలో ఉన్న స్టెప్నీ కూడా కొత్తదే, అదీ పనికిరాదు. ఏస్తే నాలుగూ ఏయాల."

"ఎయ్యకపోతే?"

"బండి కదలదు సార్."

గౌరినాయుడు జేబులోని బదిలీ కాగితాన్ని తడుముకున్నాడు. ఎందుకంటే సంస్థలో ఓ నియమం ఉంది. వాహనాల సెక్షను సూపరింటెండెంటు బదిలీ మీద వెళ్ళేటప్పుడు తన అధీనంలో ఉన్న వాహనాన్ని నడిచే స్థితిలో అప్పగించాలి. బండి నడిస్తే ఆయన కదులుతాడు. బండి ఇటుకల మీద ఉంటే ఆయన ఒంగోల్లో ఉంటాడు.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఆఫీసుకొచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని, తన సర్వీసు మొత్తంలో ఎన్నడూ రాయనంత మంచి నోటు రాశాడు. 'ఒకే యంత్రాంగంతో ముడిపడి కలిసి తిరుగుచున్న నాలుగింటిలో ఒక్కదానిని మార్చి కొత్తది వేసినచో, అది తక్కిన మూడింటితో సమానముగా తిరగజాలదు. ఆ వ్యత్యాసము నడుమనున్న యంత్రాంగముపై పడి, అది లోలోపల వేడెక్కి, తుదకు వ్యవస్థ యావత్తూ స్తంభించును. కావున మార్చినచో నాలుగింటినీ ఒకేసారి మార్చవలెను. లేనిచో ఒక్కదానినీ మార్చరాదు.' ఇలా సాగింది నోటు. సీనియర్ అసిస్టెంటు సుభాషిణి టైపు చేస్తూ, "ఎంత బాగా రాశారండీ, చదువుతుంటే కళ్ళ ముందు కనబడుతోంది" అంది. ఆయన మురిసిపోయాడు. ఆ మురిపెం సంగతి తర్వాత చెప్తాను.

నోటు ఆడిట్ అధికారి అనంతపద్మనాభం గారి దగ్గరికి పోయింది. ఆయన గౌరినాయుణ్ణి పిలిపించి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఒక టైరు గతించింది. ఆ టైరు విషయమై ఆడిట్‌కు అభ్యంతరం లేదు. తక్కిన మూడింటి పరిస్థితి ఏమిటి?"

"బాగానే ఉన్నాయి సార్."

"బాగున్న వాటిని సేవ నుంచి ఎలా తొలగిస్తారు? టైరు అనేది నిర్ణీత కిలోమీటర్లు తిరగవలెను. ఇవి సగం కూడా తిరగలేదు. సేవాకాలం మిగిలి ఉండగా తొలగిస్తే అది దుబారా."

"బండి కదిలితేనే కదండీ అవి తిరిగేది? అవి తిరిగితేనే కదా బండికి కొత్తవి వచ్చేది?"

"అది సాంకేతికపరమైన ప్రశ్న. సాంకేతికపరమైన ప్రశ్నల్లో ఆడిట్ జోక్యం చేసుకోదు" అని ఆయన ఫైలు మూసేశారు.

గౌరినాయుడు తిన్నగా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాడు. ఉన్నదంతా చెప్పుకున్నాడు. భార్య సంగతి, పాప సంగతి, అలమారలో అర సంగతి కూడా చెప్పాడు. కోదండపాణి గారు చెడ్డవారు కాదు. విన్నారు. నియమావళి తెప్పించుకుని చాలాసేపు చదివారు. చివరికి ఆయన ముఖం వెలిగింది.

"నాయుడూ, టైరు నిర్ణీత కిలోమీటర్లు తిరగాలని ఉంది. నిజమే. కానీ బండికి తగిలించుకునే తిరగాలని ఎక్కడా లేదు."

"అంటే సార్?"

"విడిగా తిప్పండి."

అలా మొదలైంది టైరు సేవాపూర్తి కార్యక్రమం. మూడు టైర్లనూ ఊడదీశారు. నీలం సెడాన్ ఇటుకల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో సున్నంతో బాట గీశారు. కొబ్బరికాయ కొట్టారు. డైరెక్టరు గారు పచ్చజెండా ఊపి, "త్వరిత పాలనా చరిత్రలో ఇది ఒక మలుపు" అని ఉపన్యసించారు. జూనియర్ అసిస్టెంటు ఏడుకొండలు చీమకుర్తి దగ్గర పల్లెటూరివాడు. చిన్నప్పుడు వీధుల్లో పుల్ల పట్టుకుని టైరు తోలిన అనుభవం ఉంది గనక, మొదటి టైరు అతనికి అప్పగించారు. అతను చొక్కా చేతులు మడిచి, పుల్లతో ఓ దెబ్బ వేసి, బాట వెంట దౌడు తీశాడు. జనం చప్పట్లు కొట్టారు. రెండో టైరు మస్తాన్‌వలికి ఇచ్చారు. మూడోది గౌరినాయుడే పట్టుకున్నాడు. బాన పొట్టా, మెళ్ళో గుర్తింపు కార్డూ ఊగుతుంటే పాపం ఆయన టైరు వెంట పరిగెత్తాడు. పరిగెత్తేది పార్వతీపురానికే అనుకున్నాడు మరి.

మొదట్లో కాస్త గందరగోళం లేకపోలేదు. టైరు తోలే ఉద్యోగికి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలా అని ఓ ప్రశ్న లేచింది. ఉంటే మంచిదని తేలింది. హెల్మెట్లు తెప్పించారు. టైరు తోలడానికి బయటికి వెళ్ళిన ఉద్యోగి ప్రయాణ భత్యానికి అర్హుడా అంటే, వెళ్ళినచోటికే తిరిగి వస్తున్నాడు గనక కాడన్నారు. ఓ రోజు ఏడుకొండలు టైరు అదుపు తప్పి, గేటు దాటి, రోడ్డవతల టీ బంకు బల్లకు తగిలి పడింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ జరిపిన అధికారి, ప్రమాద సమయంలో టైరు విధి నిర్వహణలో ఉన్నది గనక దాని తప్పు లేదని రాశారు. బల్ల అక్కడ ఎందుకున్నదో చెప్పమని బంకువాడికి తాఖీదు వెళ్ళింది.

ఎంత తోలినా కిలోమీటర్లు మాత్రం తరగలేదు. మనుషులు తోలే టైరు ఏపాటి పోతుంది? ఈ లెక్కన తాను రిటైరైనా టైర్లు రిటైరు కావని గౌరినాయుడికి అర్థమైంది. ఓ మధ్యాహ్నం సున్నపు గీత మీద కూలబడి, టైరును ఒళ్ళో పెట్టుకున్నాడు.

సుభాషిణి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "అలా కూచోకండి సార్. నాకొకటి తోచింది. ఒక పని మీద నలుగురు ఉద్యోగులు వెళ్తే, నలుగురు తిరిగిన దూరం వేరువేరుగానే రాసుకుంటాం కదా?"

"అవును."

"మరి ఒక టైరు వెంట నలుగురు పరిగెడితే? నాలుగింతల దూరం రాయాలి కదా?"

గౌరినాయుడు టైరు పక్కన పెట్టాడు. తర్వాత లేచి ఆడిట్ గదికి పరుగెత్తాడు. అనంతపద్మనాభం గారు ఆ సూత్రాన్ని కిందికీ మీదికీ తిప్పి చూసి, లోపమేమీ కనబడటం లేదన్నారు. అడిగారు గనక చెప్తున్నా, నాకూ కనబడలేదు.

అంతే, మర్నాటి నుంచి ఆఫీసు ఆఫీసంతా బాట మీదికి దిగింది. "నాయుడు గారు ఇల్లు చేరాల" అని మస్తాన్‌వలి అందర్నీ పేరుపేరునా పిలుచుకొచ్చాడు. క్యాషియరు వచ్చాడు, టైపిస్టులు వచ్చారు, కీళ్ళనొప్పులున్న రికార్డు గుమాస్తా వచ్చి నడవలేనన్నా చేతులూపాడు. ఎంతమంది పరిగెడితే అన్నింతలు గనక, పనుల మీద వచ్చి కౌంటర్ల దగ్గర నిలబడ్డవాళ్ళను కూడా పిలిచారు. "మీ కాగితం మీద సంతకం చేసేవాడు బాట మీదే ఉన్నాడు, వెంట పరిగెత్తండి" అంటే వాళ్ళూ పరిగెత్తారు. ఓ పెద్దాయన తన పెన్షను కాగితం ఊపుకుంటూ మూడో టైరుకు ఎన్ని కిలోమీటర్లు సంపాదించి పెట్టాడో. ఆయన పని మాత్రం కాలేదు.

సరిగ్గా అదే సమయానికి మొదటి కమిటీ తిరిగి వచ్చింది. ఆఫీసులో ఒక్కరూ కుర్చీలో లేరు. అందరూ చెమటలు కక్కుతూ పరిగెడుతున్నారు. కమిటీ చాలా సంతోషించింది. త్వరిత పాలన తాము ఊహించిన దానికన్నా ముందే సాకారమైందని రాసుకుని, ఈసారి రెండు పూటలా భోజనం చేసి వెళ్ళింది. ఫైళ్ళు ఆగిపోయిన సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళంతా టైర్ల వెనక ఉన్నారు.

మొత్తానికి నిర్ణీత కిలోమీటర్లు నిండాయి. మూడు టైర్లకూ పదవీ విరమణ సభ జరిగింది. బల్ల మీద వరసగా నిలబెట్టి పూలదండలు వేశారు. దండ దూర్చడానికి నడుమ ఖాళీ వాటికి పుట్టుకతోనే ఉండటం వల్ల ఇబ్బంది కలగలేదు. అనంతపద్మనాభం గారు మాట్లాడుతూ, సేవాకాలం పూర్తిచేసుకుని ఇంత ఆరోగ్యంగా కనబడుతున్న టైర్లను తానింతవరకూ చూడలేదన్నారు. అది నిజం. బండి నుంచి ఊడదీశాక వాటి మీది గీతలు ఒక్క పిసరు కూడా అరగలేదు.

కొత్త టైర్లు నాలుగూ వచ్చాయి. ఇటుకల మీద నిలబడి నిలబడి బండికి బ్యాటరీ చచ్చింది, ఇంజనాయిలు గడువు దాటింది. మస్తాన్‌వలి వెంటబడి అన్నీ మార్పించాడు. షెడ్డువాళ్ళు చక్రాల వరస సరిచూసి, ఇక పందేనికైనా పంపొచ్చన్నారు. గౌరినాయుడు బట్టలు సర్దుకున్నాడు. పాపకు గౌను కొన్నాడు. రాత్రి రైలుకు టికెట్టు తీశాడు.

"ఈసారి నిజంగా వచ్చేస్తన్నారేటండీ?" అంది హైమావతి.

"వచ్చేస్తన్నాను. టేసనుకి రావొద్దు, నేనే వచ్చీగలను" అన్నాడు. గొంతులో ఊరి యాస తన్నుకొచ్చింది. ఆనందం పట్టలేక ఫోను పెట్టేసి ఏడుకొండల్ని కౌగలించుకున్నాడు.

బండి నడిచే స్థితిలో ఉందని డైరెక్టరు గారు స్వయంగా చూసి సంతకం పెట్టాలి. ఆయన ఎక్కి, బెల్టు బిగించుకుని, కళ్ళు మూసుకున్నారు. మస్తాన్‌వలి హైవే ఎక్కించి, ఇన్నాళ్ళ కసీ తీరేలా తోలాడు. తిరిగొచ్చి ఆఫీసు ముందు ఆపాడు. ఇంజను ఊరికే తిరుగుతోంది. గౌరినాయుడు అప్పగింత కాగితం పట్టుకుని కిటికీ దగ్గర వంగి నిలబడ్డాడు.

"అద్భుతం నాయుడూ" అన్నారు కోదండపాణి గారు కళ్ళు తెరుస్తూ. "నాలుగూ సమానంగా ఉంటే ఏమిటో ఇప్పుడు అనుభవంలోకి వచ్చింది. నీ నోటు ఉందే, దాన్ని నేను పైకి పంపాను. పైవాళ్ళు ఎంత మెచ్చుకున్నారనుకున్నావు. ఒక్క టైర్లకే పరిమితం చేయడం అన్యాయమన్నారు."

"అంతా మీ దయ సార్. ఇక్కడో సంతకం."

"పెడతాను. ముందిది చూడు." ఆయన ఒళ్ళోని కాగితం మీద సంతకం చేసి అందించారు. పైన ప్రశంసాపత్రం. దాని కింద ఇంకో కాగితం. "నీ సూత్రాన్ని సిబ్బందికి కూడా వర్తింపజేస్తున్నాం. ఒకే సెక్షనులో కలిసి తిరిగే ఉద్యోగుల్లో ఒక్కరినే మార్చడం ఇకమీదట జరగదు. మీ సెక్షనులో నలుగురు. నువ్వు, సుభాషిణి, ఏడుకొండలు, మస్తాన్. నువ్వు పోతే నీ చోట్లోకి కొత్తవాడొస్తాడు. వాడు వీళ్ళతో సమానంగా తిరగడు. ఆ ఒత్తిడంతా ఎవరి మీద పడుతుంది? నడుమనున్న నా మీద. నువ్వే రాశావు కదా."

గౌరినాయుడు చదివాడు. కాగితం మీద తన వాక్యాలే ఉన్నాయి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. చివర బదిలీ రద్దు అని ఉంది.

"సార్" అన్నాడు. "అయితే నలుగుర్నీ మార్చెయ్యండి."

"మిగతా ముగ్గురి సేవాకాలం పూర్తికాలేదుగా. ఆడిట్ ఒప్పుకోదు."

"ఏడుకొండలు నిన్నగాక మొన్న చేరాడు సార్. వాడి సర్వీసయ్యేసరికి నేనెప్పుడో రిటైరైపోతాను."

కోదండపాణి గారు జాలిగా తలూపారు. "అదే కదా చిక్కు. అందరూ సమానంగా అరగటం లేదు. దాని మీద ఓ కమిటీ వేస్తున్నాను. విషయం తెలిసినవాడివి, నువ్వే కన్వీనరువి."

ముందు సీట్లో మస్తాన్‌వలి తల తిప్పకుండా కూర్చున్నాడు. కాసేపటికి, "టర్బో చల్లబడింది సార్" అని ఇంజను ఆపేశాడు. డైరెక్టరు గారు దిగి లోపలికి వెళ్ళారు.

గౌరినాయుడు వెనక ఖాళీ స్థలంలోకి వెళ్ళి, చెరిగిపోతున్న సున్నపు గీత పక్కన నిలబడి ఫోన్ చేశాడు. ఎలా చెప్పాలో తెలియక ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"ఆ నోటు మీరు రాసిందేనేటి?" అంది హైమావతి.

"నేనే రాశాను."

"బాగా రాసినారు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కోపంగా అందో, జాలిగా అందో తేల్చుకోలేకపోయాడు. ఆవిడే మళ్ళీ మాట్లాడింది.

"పాపకి ఈ ఏడు పుస్తకాలు ఎక్కువైపోనాయండీ. పెట్టుకోడానికి చోటు లేదంటంది. అలమారలో ఆ అర ఖాళీగానే ఉంది కదా. పెట్టుకోమని చెప్పీనా?"

ప్రశంసాపత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. గోడవారన పూలదండలు వాడిపోయిన మూడు టైర్లు, చూడ్డానికి కొత్తవాటిలాగే, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

"పెట్టుకోమను" అన్నాడు గౌరినాయుడు.